కాజాలే మిగిలాయి

పందిరిపాలెంలో కోటిలింగం అనే దర్జీ ఉండేవాడు. అతని చేతి కుట్టు ఎంత బిగువుగా ఉండేదో, నోటి మాట అంత వదులుగా ఉండేది.

చెడ్డవాడు కాదు. ఒకరిని ముంచాలని ఎన్నడూ అనుకోలేదు. మొహం మీద లేదని చెప్పడం అతనికి చేతకాదు, అంతే. గుడ్డ పట్టుకుని వచ్చిన మనిషి మొహం చిన్నబోతే చూడలేడు. అందుకని ఎవరేం అడిగినా అవుతుందనేవాడు. "ఎల్లుండికి కావాలి కోటిలింగం" అంటే "రేపే పట్టుకెళ్ళండి" అనేవాడు. రేపు వచ్చి అడిగితే "అయిపోయిందండీ, కాజాలే మిగిలాయి" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆ గుడ్డ, తెచ్చిన సంచీలోనే, వేసిన ముడి వేసినట్టే బీరువాలో పడి ఉండేది.

ఊరివాళ్ళు అతని మాటలకి అర్థాలు ఎప్పుడో తెలుసుకున్నారు. 'కాజాలే మిగిలాయి' అంటే ఇంకా కత్తెర పెట్టలేదని. 'ఇస్త్రీకి వెళ్ళింది' అంటే కత్తిరించాడు గాని కుట్టలేదని. 'మీ కొలతలు నా దగ్గరున్నాయిగా' అంటే కొలతలు రాసిన కాగితం పోయిందని. 'కరెంటు లేదండీ' అంటే అసలు గుడ్డ ఎక్కడ పెట్టాడో మరిచిపోయాడని. ఎందుకంటే అతనిది కాలితో తొక్కే మిషను, ఇస్త్రీపెట్టె బొగ్గులది.

ఊరివాళ్ళు కూడా తక్కువ తినలేదు. వచ్చే నెల పెళ్ళికి ఈ శుక్రవారమే ముహూర్తం అని చెప్పేవాళ్ళు. బడిలో వంట చేసే సుభద్రమ్మ అయితే, "మా తమ్ముడికి బయట ఒక్కసారే పెళ్ళయింది. కోటిలింగం కొట్లో మాత్రం మూడుసార్లు చేశాను" అని నవ్వించేది. దసరాకి బట్టలు కావాలంటే శ్రావణమాసంలోనే ఇచ్చి, వినాయక చవితికే కావాలని తొందరపెట్టేవాళ్ళు. రెండు వైపులా అబద్ధాలు సమానంగా నడుస్తుండేసరికి, ఎవరికీ ఏ నష్టమూ లేదనిపించేది. పైగా కాలక్షేపం.

ఈ మాటల అర్థం తెలియని మనిషి ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. అతను మగ్గాల వీధి చౌడయ్య.

చౌడయ్యకి డెబ్భై ఆరేళ్ళు. పదేళ్ళ వయసులో మగ్గం గుంటలోకి దిగి, అరవై ఏళ్ళు దాటినా పైకి రాలేదని అందరూ అనేవాళ్ళు. ఊరందరికీ చొక్కా గుడ్డలు నేసిన ఆ మనిషి తాను ఏనాడూ చొక్కా తొడుక్కోలేదు. నడుముకి పంచె, భుజం మీద తువ్వాలు. పెళ్ళికైనా అంతే, పేరంటానికైనా అంతే. కాబట్టి దర్జీ గుమ్మం తొక్కాల్సిన పని అతనికి ఎప్పుడూ పడలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మగ్గం మీద అబద్ధం నిలవదు. ఎవరైనా గుమ్మంలో నిలబడి తొంగిచూస్తే ఎంత నేసిందీ, ఎంత మిగిలిందీ కళ్ళకి కనబడుతుంది. నేతగాడు "జానెడు మిగిలింది" అన్నాడంటే జానెడే మిగిలినట్టు. అరవై ఏళ్ళు అలాంటి మాటల మధ్య బతికినవాడికి, పని గురించి ఎవరైనా ఒక మాట చెబితే అది నిజమే అయి ఉంటుందని నమ్మకం.

చౌడయ్యకి కూతురి కూతురు ఒకతె ఉండేది. పేరు హైమావతి. అందరూ హైమ అనేవాళ్ళు. పాకలో మగ్గం చప్పుడు పక్కనే కూర్చుని చదువుకునేది. ఆ ఏడాది బడి మొత్తంలో మొదటి బహుమతి ఆ పిల్లకి వచ్చింది.

ఆ బడిలో ఒక పద్ధతి ఉంది. బడి పండగనాడు ఇచ్చే మొదటి బహుమతి ఏ అధికారి చేతుల మీదుగానో ఇప్పించరు. ఆ పిల్ల ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు వేదిక ఎక్కి, తమ చేతులతో తామే ఇవ్వాలి. 

ఆ మాట ఇంట్లో చెబుతూ హైమ తాత చుట్టూ తిరిగింది.

"తాతా, ఈసారి తువ్వాలుతో కుదరదు. చొక్కా తొడుక్కుని రావాలి."

"చొక్కానా! నన్ను చూసి కాకులు బెదురుతాయే!"

"బెదరనీ. నాకు నువ్వు చొక్కాలో కావాలి."

చౌడయ్య నవ్వాడు గాని, మర్నాడే మగ్గం మీదకి కొత్త పడుగు ఎక్కించాడు. చేతులు వణుకుతున్నాయి, చూపు ఆనడం లేదు. అయినా మూడు గజాల గుడ్డ నేశాడు. సన్నటి తెల్ల గుడ్డ, అంచున చూసీ చూడనట్టు ఒక నీలిపోగు. దాన్ని మగ్గం మీంచి దించుతూ, "ఇంతే అమ్మా, ఇక నా వల్ల కాదు. ఇదే ఆఖరిది" అని కూతురితో అన్నాడు.

బడి పండగకి ఇరవై రోజుల ముందు ఆ గుడ్డని సంచీలో పెట్టుకుని చౌడయ్య కోటిలింగం కొట్టుకి వచ్చాడు. కోటిలింగం దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నిజంగానే ముచ్చటపడ్డాడు.

"ఏం నేత తాతా ఇది! పట్టు కూడా పనికిరాదు. ఎప్పటికి కావాలి?"

"బడి పండగకి నాయనా. నీకు వీలవుతుందా? వీలుకాకపోతే చెప్పు, తప్పేం లేదు."

ఆ మాట దగ్గరే నిజం చెప్పేస్తే సరిపోయేది. పెళ్ళిళ్ళ రోజులు. బీరువాలో జాకెట్లు గుట్టలుగా ఉన్నాయి. కాని ముసలాయన కళ్ళలో ఆశ చూసి కోటిలింగం నోరు యథాప్రకారం జారింది.

"భలేవాడివి తాతా. వారంలో నీ ఒంటిమీద ఉంటుంది." చౌడయ్య గుడ్డని మళ్ళీ సంచీలో పెట్టి, ముడి వేసి ఇచ్చాడు.

సరిగ్గా వారానికి చౌడయ్య వచ్చాడు. మగ్గాల వీధి నుంచి దర్జీ కొట్టుకి కాలువ దాటి మైలు దూరం. జీవితమంతా గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషికి మోకాళ్ళు సరిగా ముడవరావు, చాపరావు. కర్ర పొడుచుకుంటూ, మధ్యలో రెండుచోట్ల ఆగి వచ్చాడు.

"అయిపోయింది తాతా. కాజాలే మిగిలాయి."

"అలాగా! మంచి మాట చెప్పావు" అని సంతోషంగా తిరిగి వెళ్ళాడు.

నాలుగు రోజుల తరవాత మళ్ళీ వచ్చాడు. ఈసారి తువ్వాలు కొంగున ఏదో ముడి వేసుకుని వచ్చాడు. ముడి విప్పితే ఆరు బొత్తాలు. ముత్యపుచిప్ప బొత్తాలు, తళతళలాడుతున్నాయి.

"కాజాల దగ్గర ఆగిపోయావు కదా నాయనా, బొత్తాలు దొరక్క ఇబ్బంది పడుతున్నావేమో అనుకున్నాను. మా పిల్ల సంతలో ఏరి తెచ్చింది. నీకు కాస్త శ్రమ తగ్గుతుందని."

కొట్లో ఉన్న నలుగురూ మొహాలు తిప్పుకుని నవ్వారు. సుభద్రమ్మ అక్కడే ఉంది. ఆవిడ నోరు ఊరుకోలేదు.

"తాతా, కోటిలింగం కొట్లో కాజాలంటే ఏమిటో నీకు తెలుసా?"

"తెలీకేమమ్మా. బొత్తాం దూర్చే కన్నం."

కొట్టు గొల్లుమంది. కోటిలింగం కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా, నలుగురూ నవ్వుతున్నారు కదా అని చౌడయ్య కూడా నవ్వాడు. బొత్తాలు మిషను సొరుగులోకి వెళ్ళాయి. అర్థం తెలిసిన నలుగురిలో ఒక్కరైనా ఆయనకి ఆ అర్థం చెప్పలేదు. అంత మంచి హాస్యాన్ని పాడుచెయ్యడం ఎవరికీ ఇష్టం లేకపోయింది.

బడి పండగ రోజు వచ్చింది. మూడు గంటలకి సభ. చౌడయ్య తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, పన్నెండింటికే కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు.

గుడ్డ ఇంకా సంచీలోనే ఉంది. ఇప్పుడు మొదలుపెట్టినా పూర్తికాదు. చేతిలో ఉన్న పెళ్ళికూతురి జాకెట్టు పక్కనపెట్టి, కోటిలింగం అన్నాడు.

"తాతా, కాజాలు నున్నగా రావాలని టౌనులో కాజా మిషను ఉన్నవాడి దగ్గరికి పంపాను. నేనే వెళ్ళి తెచ్చేస్తాను. నువ్వు ఇక్కడే కూర్చో."

చౌడయ్య ఒక్క క్షణం ఆలోచించాడు.

"పోనీ నాయనా, ఈ తువ్వాలుతోనే వెళ్ళిపోనా? పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. చొక్కాదేముంది, ఇంకెప్పుడైనా తొడుక్కోవచ్చు."

దేవుడు తెరిచిన రెండో తలుపు అది. కోటిలింగం దాన్ని కూడా మూసేశాడు.

"ఛ ఛ, ఇంతదాకా వచ్చి! అంతమంది ముందు తువ్వాలుతో నిలబడితే నీ మనవరాలికి నామోషీ కాదూ? ఎంతసేపు, ఇలా వెళ్ళి అలా వస్తా. కదలకు."

సైకిలెక్కి వెళ్ళాడు. టౌను వైపు కాదు. కాలువ అవతల అతని బావమరిది టీ కొట్టు ఉంది. వెనక గదిలో బల్ల మీద కూర్చుని, ముసలాయన విసుగెత్తి ఎలాగూ లేచి వెళ్ళిపోతాడులే అని తనకి తాను చెప్పుకున్నాడు. అది అతను ఆ రోజు చెప్పిన మూడో అబద్ధం.

మూడు గంటలయింది. బడిలో మైకు మోగింది. ప్రార్థన పాట వినిపించింది. ఉపన్యాసాలు వినిపించాయి. చౌడయ్య రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు. సైకిలు గంట వినబడినప్పుడల్లా కర్ర పట్టుకుని లేవబోయేవాడు. సైకిలు దాటిపోయేది. మళ్ళీ కూర్చునేవాడు.

నాలుగున్నరకి మైకులో అతని పేరు వినబడింది.

"మొదటి బహుమతి, పదో తరగతి హైమావతి. బహుమతి అందించడానికి చౌడయ్యగారిని వేదిక మీదకి రావలసిందిగా కోరుతున్నాం."

చౌడయ్య లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేశాడు. వెనక్కి తిరిగి కొట్టు చూశాడు. ఇప్పుడు వెళ్ళిపోతే, అంత దూరం నుంచి చొక్కా పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషి ఏమనుకుంటాడు?

"చౌడయ్యగారు ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలి" అని మైకు మళ్ళీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది. తరవాత చప్పట్లు వినబడ్డాయి. అవి ఎవరి చేతుల మీదుగా ఇచ్చినందుకో అతనికి తెలియదు.

పిల్లలకి పులిహోర పొట్లాలు పంచడం అయ్యాక, ఖాళీ గిన్నెలు ఇంట్లో పెట్టి వద్దామని అటు వచ్చింది సుభద్రమ్మ. చౌడయ్యని చూసి గిన్నెలు కింద పెట్టేసింది.

"తాతా! నువ్విక్కడున్నావేంటి? అక్కడ నీ కోసం నోరు పడిపోయేలా పిలిచారు! పిల్ల బహుమతి పుచ్చుకుంటున్నంతసేపూ గేటుకేసే చూసింది."

"కాజాలైపోతున్నాయట తల్లీ. తేవడానికి వెళ్ళాడు."

"ఏ కాజాలు తాతా! వాడు రాడు. ఆ గుడ్డ వాడి బీరువాలో ముడి కూడా విప్పకుండా ఉంటుంది."

"అలా అనకమ్మా. మాటిచ్చాడు."

సుభద్రమ్మకి ఆ రోజు నవ్వు రాలేదు. కాజాలంటే ఏమిటో అప్పుడు చెప్పింది. చౌడయ్య అంతా విన్నాడు. తరవాత, "అయితే ఆ రోజు మీరందరూ నవ్వింది ఇందుకన్నమాట" అన్నాడు. కర్ర పుచ్చుకుని కాలువ వైపు నడిచాడు.

అతను ఇల్లు చేరేసరికి హైమ గుమ్మంలో ఉంది. చేతిలో బహుమతి పుస్తకాలున్నాయి. చుట్టిన రంగుకాగితం ఇంకా విప్పలేదు.

"ఎందుకు రాలేదు తాతా?"

"కాలు పట్టేసిందమ్మా. కాలువ గట్టు మీద కూలబడిపోయాను. లేవలేకపోయాను."

చౌడయ్య పుట్టి బుద్ధెరిగాక చెప్పిన అబద్ధం ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ తరవాత అతను కొట్టుకి రాలేదు. కోటిలింగం మొదట్లో బెదిరాడు. రేపో ఎల్లుండో వచ్చి తిడతాడనుకున్నాడు. తిట్టించుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. ఎవరూ రాలేదు. నెల గడిచాక సుభద్రమ్మ చేత కబురు మాత్రం వచ్చింది.

"తాత మంచం పట్టాడు. ఇక తొందరేం లేదులే, తీరికగానే కుట్టమన్నాడు."

"రేపే మొదలుపెడతా సుభద్రమ్మా" అన్నాడు కోటిలింగం. నిజంగానే సంచీ తీసి మిషను మీద పెట్టాడు. ముడి మీద చెయ్యి వేశాడు. ఇంతలో ఎవరో మర్నాటి పెళ్ళికి జాకెట్టు అంటూ వచ్చారు. సంచీ మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

ఉగాది వెళ్ళిన మూడో రోజు పొద్దున్నే హైమ వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. కళ్ళు వాచి ఉన్నాయి.

"బాబాయ్, తాత పోయాడు. తాత గుడ్డ నీ దగ్గరుంది కదా. అది తీసుకురమ్మంది అమ్మ."

కోటిలింగం మెదడు ఇంకా ఏమీ ఆలోచించలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు దానికంటే ముందు మాట్లాడింది.

"అయిపోయిందమ్మా... కాజాలే మిగిలాయి."

ఆ మాట వినగానే హైమ బల్ల మీద కూలబడి ఏడ్చింది.

"అయ్యో, కుట్టేశావా బాబాయ్! కుట్టిన గుడ్డ పనికిరాదట. మా వీధిలో ఆఖరికి కప్పే గుడ్డకి సూది తగలకూడదు. తాత తన చేత్తో నేసిన ఆఖరి గుడ్డ అది. చొక్కాగా ఎలాగూ తొడుక్కోలేదు, అదైనా కప్పి పంపుదామనుకున్నాం." కళ్ళు తుడుచుకుని మళ్ళీ తనే అంది. "నీ తప్పేం లేదులే. బడి పండగనాడు దారిలో తాతకి కాలు పట్టెయ్యకపోతే, నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కుని వేదిక ఎక్కేవాడే."

"కాలు పట్టేసిందా?" అన్నాడు కోటిలింగం.

"అవును బాబాయ్. కాలువ గట్టు మీద కూలబడిపోయాడట. అదే చెప్పాడు."

తన కొట్టు ముందు నాలుగున్నర గంటలకి పైగా కూర్చున్న మనిషి, ఆ పిల్ల దగ్గర దర్జీ మాటే ఎత్తలేదు. కోటిలింగం బీరువా తెరిచి సంచీ తీసి ఆ పిల్ల ముందు పెట్టాడు. తెచ్చిన రోజు చౌడయ్య వేసిన ముడి అలాగే ఉంది.

"కుట్టలేదమ్మా. కత్తెర పెట్టలేదు. ముడి కూడా విప్పలేదు. మొదటి రోజు నుంచీ ఇలాగే ఉంది. ఆ రోజు మీ తాత కాలు బాగానే ఉంది తల్లీ. నేనే..."

మాట పూర్తికాలేదు. హైమ అప్పటికే ముడి విప్పేసింది. మడత చెదరని తెల్లటి గుడ్డ, అంచున నీలిపోగు. దాన్ని గుండెలకి హత్తుకుంది. మిగతా మాటలు ఆ పిల్ల చెవిన పడ్డాయో లేదో తెలియదు.

"కుట్టకపోవడమే మంచిదైంది బాబాయ్. నీకు పుణ్యం ఉంటుంది" అంది.

కోటిలింగాన్ని ఇరవై ఏళ్ళలో చాలామంది తిట్టారు. ఏ తిట్టూ అతనికి తగల్లేదు. ఆ దీవెన తగిలింది.

సొరుగు లాగి ఆరు బొత్తాలూ తీసి ఇవ్వబోయాడు. హైమ వాటిని చూసి తల అడ్డంగా తిప్పింది.

"దీనికి బొత్తాలెందుకు బాబాయ్? ఉంచు, ఇంకెవరికైనా పనికొస్తాయి" అని గుడ్డ పట్టుకుని కాలువ వైపు పరుగెత్తింది.

ఆ బొత్తాలు ఇంకెవరి చొక్కాకీ పడలేదు. ఆ మిషను సొరుగులోనే ఉన్నాయి.

కోటిలింగం ఆ రోజు నుంచి అబద్ధం మానేశాడు. గుడ్డ తెచ్చినవాళ్ళకి "నా వల్ల కాదండీ, ఇంకెక్కడైనా ఇచ్చుకోండి" అని చెప్పేవాడు. ఆలస్యమైతే "ఇంకా కత్తెర పెట్టలేదండీ" అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. కాని ఇరవై ఏళ్ళుగా అతని మాటలకి అర్థాలు వెతుక్కున్న ఊరు, ఈ మాటకి కూడా ఒక అర్థం వెతుక్కుంది. కత్తెర పెట్టలేదంటే అంతా అయిపోయిందేమోనని మర్నాడే వచ్చి నిలబడేవాళ్ళు. అతను బీరువా తెరిచి ముడి విప్పని సంచీ చూపిస్తే గాని నమ్మేవాళ్ళు కాదు. చూశాక, "నిజంగానే పెట్టలేదా!" అని ఆశ్చర్యపోయి తిట్టేవాళ్ళు. కోటిలింగం తలవంచుకుని తిట్లు తినేవాడు. చెప్పినంత మాత్రాన నమ్మే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు. అతను ఇప్పుడు లేడు.

లేదన్న నిజం ఒక పూట మొహం చిన్నబుచ్చుతుంది, అంతటితో పోతుంది; అవుతుందన్న అబద్ధం మాత్రం అర్థం తెలిసి నవ్వుకునే వందమందినీ వదిలిపెట్టి, మన మాట నమ్మిన ఆ ఒక్కడి బతుకులోంచి మళ్ళీ తిరిగిరాని పూటని ఎత్తుకుపోతుంది.